దొరగారి ముందు కుర్చీ

మా అమ్మాయి రేణు వాళ్ళ ఊరు ఫార్మింగ్టన్ హిల్స్. పేరులో కొండలున్నాయి గానీ నాకు ఎక్కడా గుట్ట కూడా కనబడలేదు. ఎటు చూసినా గడ్డి, గడ్డి మధ్య ఇళ్ళు, ఇళ్ళ ముందు కార్లు. మనుషులు మాత్రం కార్ల లోపల ఉంటారు. మేం వెళ్ళింది ఎనభై నాలుగు వేసవిలో. పక్కింట్లో దొర ఉన్నాడన్న సంగతి తెలిసేదాకా మా కాలం చక్కగానే గడిచింది.

ఆ కబురు మోసుకొచ్చింది రేణే. ఆఫీసు నుంచి వస్తూనే బ్యాగైనా కింద పెట్టకుండా మొదలుపెట్టింది.

"అమ్మా, పక్కింటి పమేలా ఉంది కదా, వాళ్ళ ఫాదర్ ఇంగ్లండ్ నుంచి వచ్చి వీళ్ళతోనే సెటిలయ్యారట. మిస్టర్ విట్‌మోర్ అని. పూర్వం కరీబియన్‌లో సెయింట్ ఆంబ్రోస్ అనే చిన్న ఐలండ్‌కి అడ్మినిస్ట్రేటర్‌గా చేశారట. అంటే గవర్నర్ లాగా అన్నమాట. నాన్నగారికి మంచి కంపెనీ కదా!"

కంపెనీట, కంపెనీ! మావారు అప్పటిదాకా సోఫాలో కాళ్ళు చాపుకుని, ఇండియా నుంచి సామాన్లకి చుట్టుకొచ్చిన పాత పేపరు సాపు చేసుకుని చదువుకుంటున్నారు. గవర్నర్ అన్న మాట చెవిన పడగానే కాళ్ళు కిందికి దించారు. పేపరు మడిచారు. చొక్కా పై గుండీ పెట్టుకున్నారు. దొరకీ ఈయనకీ మధ్య రెండు గోడలున్నాయి. అయినా సరే.

ఈయన సంగతి కాస్త చెప్పాలి. పేరు నా నోటితో అనకూడదు గానీ కాగితం మీద ఫరవాలేదు, అనంతరామయ్యగారు. అవనిగడ్డలో తాసీల్దారుగా రిటైరయ్యారు. కచేరీ ముందు జీపు దిగితే బిళ్ళ బంట్రోతు పరుగెత్తుకొచ్చి తలుపు తీసేవాడు. అంతటి మనిషి! కానీ నౌకరీలో చేరింది మాత్రం నలభై మూడులో, బందరు కలెక్టరాఫీసులో చిన్న గుమాస్తాగా. అప్పటికింకా దొరలున్నారు. దొర బల్ల ముందు ఫైలు పట్టుకుని నిలబడటంతోనే ఈయనకి అక్షరాభ్యాసం జరిగింది.

ఆ ఆఫీసులో మల్లయ్యగారని హెడ్డు గుమాస్తా ఉండేవారట. సబ్ కలెక్టరు దొర ఏ కళనున్నాడో, ఒకరోజు "సిట్ డౌన్" అన్నాడట. ఈ మహానుభావుడు నిజంగానే కూర్చున్నాడట. నెల తిరక్కుండా ఆయన్ని దివిసీమ చివర, పడవ దాటితే తప్ప చేరలేని లంకకి బదిలీ చేశారు. కూర్చున్నందుకే బదిలీ అని ఎవరూ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. ఆ కథ మా పెళ్ళయిన కొత్తలోనే నాకు చెప్పారు, ఏదో పురాణం చెప్పినట్టు.

శనివారం నాడు దర్శనానికి బయలుదేరారు. మండు వేసవిలో నల్లకోటు! చేతిలో నిమ్మపండు!

"ఆ నిమ్మకాయ ఎందుకండీ? చారులోకి తెప్పించాను" అన్నాను.

"పెద్దవాళ్ళ దగ్గరికి ఉత్త చేతుల్తో వెళ్తారా?" అన్నారు.

రెవెన్యూ వాళ్ళ ఇళ్ళల్లో పుట్టి పెరిగిన దాన్ని, నాకు తెలియనిది కాదు. జనవరి ఫస్టుకి అందరూ కోట్లు తొడుక్కుని దొరల బంగళాలకి వెళ్ళి, తలా ఒక నిమ్మపండు చేతికిచ్చి దండం పెట్టి వచ్చేవారు. ఉత్త చేతుల్తో వెళ్తే మర్యాద కాదు, బరువైనదేదైనా తీసుకెళ్తే లంచం అవుతుంది. అందుకని నిమ్మపండు. దొరలు పడవలెక్కి వెళ్ళిపోయినా ఈయన చేతిలో నిమ్మపండు అలాగే ఉండిపోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఈయనకి నౌకరీతో వచ్చిన బుద్ధి కూడా అంతే.

నేనూ వెంట వెళ్ళాను. పమేలా తలుపు తీసింది. హాల్లో ఎక్కడ చూసినా సోఫాలే, మా కచేరీ మొత్తం వచ్చి కూర్చున్నా ఇంకా మిగులుతాయి. దొర అంటే ఈకల టోపీ, మెలితిప్పిన మీసం ఉంటాయనుకున్నాను. ఈ దొర పొడుగ్గా, సన్నగా, మోచేతుల దగ్గర తోలు అతుకులేసిన స్వెట్టరులో ఉన్నాడు. ఒక మేజోడు జారిపోయి ఉంది. మావారు రెండు చేతులతో నిమ్మపండు అందించారు. దొర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత దయ!" అని జేబులో వేసుకుని, "కూర్చోండి" అన్నాడు.

"ఇట్ ఈజ్ ఆల్ రైట్, సర్" అన్నారు మావారు, చేతులు కట్టుకుని.

దొర సగం వంగినవాడల్లా మళ్ళీ నిటారుగా లేచాడు. అంతే! ఇక ఇద్దరూ నిలబడే మాట్లాడుకున్నారు. తుపాను వస్తే దీవిలో ఇళ్ళ కప్పులు ఎలా ఎగిరాయో, తాను రేవు ఎలా కట్టించాడో దొర చెప్పుకుంటూ పోయాడు. ఈయన ప్రతి వాక్యానికీ "యస్ సర్" పెట్టుకుంటూ పోయారు. పమేలా నన్ను కూడా కూర్చోమంది. ఆయన నిలబడి ఉంటే నేనెక్కడ కూర్చుంటాను? గుమ్మం పక్కన గోడకి ఆనుకున్నాను.

ఆనాటి నుంచి రోజూ ఇదే వరస. సాయంత్రం కాగానే కోటు, నిమ్మపండు, పక్కిల్లు. దీపాలు పెట్టేవేళకి కుంటుకుంటూ వచ్చేవారు. మోకాళ్ళు తాటిపండ్లంత వాచాయి. నేను రాళ్ళుప్పు గుడ్డలో మూటగట్టి, పెనం మీద వేడి చేసి కాపడం పెట్టేదాన్ని. పెడుతూ తిట్టేదాన్ని.

"అంత పెద్ద తాసీల్దారు! వాడి ముందు నౌకరులా నిలబడటానికి సిగ్గు లేదూ? అసలా దీవిలో ఎంతమంది జనం, అడిగారా?"

"ఆరేడు వేలుంటారట."

"ఆరేడు వేలా! మీ తాలూకాలో ఒక్క తిరునాళ్ళకి అంతకంటే ఎక్కువమంది వచ్చేవారు కదండీ! లెక్కప్రకారం ఆయనే మీకు నిమ్మపండివ్వాలి."

"దొరగారు దొరగారే" అన్నారు, ఇక మాట్లాడకు అన్నట్టు.

"కూర్చుంటే ఏమవుతుందట? బదిలీ చేస్తాడా? ఎక్కడికి చేస్తాడు? మిషిగన్ దాకా వచ్చాం, ఇంకా ఏ లంకకి పంపుతాడు?"

ఆ రాత్రే పంతం పట్టాను. ఇండియా విమానం ఎక్కేలోగా ఈయన ఆ దొర ముందు కుర్చీలో కూర్చోవాలి. కూర్చోకపోతే నేను రాజేశ్వరమ్మనే కాను. మోకాళ్ళ సంగతి సరే, అది కాపడంతో తగ్గుతుంది. నా కడుపులో మంట దేనితో తగ్గుతుంది? నా మొగుడు నా కళ్ళముందు ఒకడి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడంటే నాకే తల కొట్టేసినట్టుంది.

భోజనాల దగ్గర రేణుకీ అల్లుడు జగదీష్‌కీ ఇదంతా పూసగుచ్చినట్టు చెబుతున్నాను. మావారి విస్తట్లోకి, అంటే కంచంలోకి, పప్పు వడ్డిస్తూ పక్కనే నిలబడి ఉన్నాను.

"అమ్మా, ముందు నువ్వు కూర్చో. మాతో పాటు తిను" అంది రేణు.

"నాకేం తొందర? నాకలవాటే" అన్నాను.

తరవాతి వారం పమేలా మా ఇంటికొచ్చింది. చేతిలో గిన్నెడు నిమ్మకాయలు. వాళ్ళ ఫ్రిజ్జులో ఇక చోటు లేదట, పైగా కోపంగా ఉంది. నాకు ఇంగ్లీషు వినడానికి వస్తుంది, మాట్లాడటానికే నోరు తిరగదు. అందుకని రేణు మధ్యలో కూర్చుంది.

"మీ నాన్నగారికి వెన్నులో ఏమైనా జబ్బా?" అని అడిగింది పమేలా.

"లేదే, ఎందుకు?" అంది రేణు.

"మరెందుకు కూర్చోరు? మా నాన్నకి డెబ్బై దాటాయి. రోజూ గంటలకొద్దీ నిలబడి మోకాళ్ళు వాచిపోయాయి. కూర్చో నాన్నా అంటే, పాపం ఆ ఇండియన్ పెద్దమనిషికి ఏదో బాధ ఉన్నట్టుంది, కూర్చోలేడు, అతిథి నిలబడి ఉండగా నేనెలా కూర్చుంటాను అంటున్నాడు. రాత్రంతా ఐస్ పెట్టుకుంటున్నాడు!"

రేణు ఒళ్ళు మరిచి నవ్వింది. నేనూ నవ్వాను, కొంగు నోట్లో కుక్కుకుని. అటు ఐసు, ఇటు ఉప్పు కాపడం! ఇద్దరు మహారాజులూ ఒకరి కోసం ఒకరు కాళ్ళు విరగ్గొట్టుకుంటున్నారన్నమాట. ఇక గండం గడిచిందనుకుని ఈయనకి సంగతంతా చెప్పాను.

"అందుకని మీరు కూర్చుంటే ఆయన కూర్చుంటాడు. పుణ్యముంటుంది, కూర్చోండి" అన్నాను.

"దొరగారు నిలబడి ఉండగా నేను ముందు కూర్చోవడమా? నీకు మతిపోయిందా?" అన్నారు.

పమేలా వాళ్ళ నాన్నకి చెబితే, ఆయనా అదే పాట. అతిథి ముందు కూర్చోవాలిట. రోగమేదో తెలిశాక కూడా ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఇప్పుడింకా ఘోరం, ఒకరి మోకాళ్ళ కేసి ఒకరు జాలిగా చూసుకుంటూ నిలబడ్డారు.

రేణూ పమేలా కలిసి ఒక ఎత్తు వేశారు. లైబ్రరీకి తీసుకెళ్తామని ఇద్దర్నీ కారెక్కించారు. కార్‌లో నిలబడలేరు కదా! ఈయన చప్పున ముందు సీట్లో, డ్రైవ్ చేసే రేణు పక్కన ఎక్కారు. దొర వెనక సీట్లో కూర్చున్నాడు. ఇంటికొచ్చాక నేను గెలిచినట్టు మొహం పెట్టాను.

"కూర్చున్నారుగా, దొరతో సమానంగా!"

"అది లెక్కలోకి రాదు. జీపులో బంట్రోతు కూడా కూర్చుంటాడు, డ్రైవరు పక్కన" అన్నారు.

ఇంతలో దొరకి పిలుపు వచ్చింది. డెట్రాయిట్ చుట్టుపక్కల ఆ దీవి వాళ్ళు చాలామందే ఉన్నారట. ఏటా పార్కులో పిక్నిక్ చేసుకుంటారట. వాళ్ళ సంఘానికి పెద్ద మిస్ వెర్నా అనే ఆవిడ, ఆస్పత్రిలో హెడ్డు నర్సు. మా పాత అడ్మినిస్ట్రేటర్ ఈ ఊళ్ళోనే ఉన్నారని విన్నాం, తప్పకుండా రావాలి అని ఆవిడ స్వయంగా ఫోన్ చేసిందట. దొర ముఖం చూడాలి! మేజోళ్ళు రెండూ పైకి లాక్కున్నాడు. పెట్టె అడుగు నుంచి ఈకల టోపీ తీయించి దులిపించాడు. చింత చచ్చినా పులుపు చావలేదు. కానీ లోలోపల భయం కూడా ఉంది.

"ఆ దీవికి మాలాంటి వాళ్ళు ఎంతోమంది వచ్చి వెళ్ళారు. నన్ను ఏమని గుర్తుపెట్టుకున్నారో" అన్నాడు మావారితో. "మీరు కూడా రండి. మీరూ పరిపాలన చేసినవారే కదా."

ఆ మాటకి ఈయన కళ్ళు చెమర్చాయి. అంత మాటన్నాక కూడా కూర్చోలేదు, అది వేరే విషయం.

అందరం వెళ్ళాం. పార్కు నిండా జనం, రంగురంగుల బట్టలు. ఇనప పీపాలు కోసి చేసిన వాయిద్యాలు ఘల్లుఘల్లున మోగుతున్నాయి. ఒకవైపు పెద్ద డేగిసాల్లో మేకమాంసం ఉడుకుతోంది. మేం ముట్టం గనుక నేను స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చాను. పమేలా ఇంట్లో పోగుపడిన నిమ్మపండ్లన్నీ పిండి, పెద్ద కూజాలో షర్బతు చేసి తెచ్చింది.

జనం ముందర రెండు మడత కుర్చీలు వేశారు. ఒకటి దొరకి. రెండోది, "ఇండియా నుంచి వచ్చిన అడ్మినిస్ట్రేటర్" అని మైకులో పిలిచి మరీ, మావారికి. ఇంతమందిలో పిలిచి కుర్చీ వేస్తే ఇక తప్పించుకోలేరుగా! తప్పించుకున్నారు. తిన్నగా కుర్చీ వెనక్కి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డారు. దొర అది చూసి, తానూ తన కుర్చీ పక్కనే కర్ర మీద వాలి నిలబడ్డాడు. రెండు ఖాళీ కుర్చీలకి ఇద్దరు కాపలాదార్లు. నేను మావారి వెనక నిలబడి పళ్ళు నూరుకుంటున్నాను.

దొర టోపీ సర్దుకుని మైకు అందుకున్నాడు. "నేను కట్టించిన రేవు ఇంకా అలాగే ఉందా?" అన్నాడు.

"ఆ రేవు కట్టించింది మీరు కాదు, మీ తరవాతాయన!" అని ఒక ముసలాయన అరిచాడు.

"కాదు, ముందాయన! పడవెక్కబోయి నీళ్ళలో పడ్డాడే, ఆయన!" అంది ఒకావిడ.

"ఆయన కాదు, పాటలు నిషేధించినాయన!"

ఇక చూసుకోండి. ఎవరు పడ్డారు, ఎవరు కట్టారు, ఎవరు నిషేధించారు అని జనమంతా వాదించుకుంటూ ఒకటే నవ్వులు. ఆ గోలలో దొరని గుర్తుపట్టినవాళ్ళే లేరు. టోపీ మీద ఈకలు కూడా వాలిపోయినట్టనిపించింది. ఎండాకాలమంతా తిట్టుకున్నదాన్ని, నాకే పాపం అనిపించింది.

అప్పుడు మిస్ వెర్నా లేచింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, నిండైన మనిషి, పచ్చటి గౌను. "నాకు గుర్తున్నారు" అంది.

దొర ముఖం వెలిగింది.

"మా అమ్మ మేక మీ బంగళా తోటలో దూరి మందారాలు మేసింది. మీరు దాన్ని బందెలదొడ్డిలో పెట్టించారు."

"తెల్ల మేకా?" అన్నాడు దొర, ఉలిక్కిపడి. "చెవి చిరిగినదా?"

"అదే!"

"అది భోజనాల బల్ల కూడా ఎక్కింది" అన్నాడు దొర. అందరూ గొల్లున నవ్వారు. వెర్నా కూడా నవ్వింది. నవ్వు తగ్గాక మళ్ళీ మొదలుపెట్టింది.

"మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని వచ్చి మీ వరండాలో నిలబడింది. పొద్దున్న వచ్చాం. ఎండ వరండాలోకి వచ్చి మా కాళ్ళ మీద పడేదాకా అలాగే ఉన్నాం. పేము కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. వాటిలో ఎవరూ లేరు. సాయంత్రం మీరు బయటికొచ్చి మేకని వదిలెయ్యమన్నారు. నా తల కూడా నిమిరారు. మంచివారే. కూర్చోమని మాత్రం అనలేదు. మా అమ్మ చనిపోయేదాకా చెప్పుకునేది, మేక సంగతి కాదు, ఆ కుర్చీల సంగతి."

ఎవరూ నవ్వలేదు. దొర టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నాకు తట్టనే లేదు" అన్నాడు.

మావారు తల దించుకున్నారు. ఎందుకు దించుకున్నారో నాకు తెలుసు. ఏటా శిస్తు లెక్కలు తేల్చే జమాబందీకి రైతులంతా అర్జీలు పట్టుకుని కచేరీ ముందు బారులు తీరేవారు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు. ఈయన కుర్చీలో, వాళ్ళు ఎండలో. ఈయనకీ తట్టలేదు.

"తట్టలేదని నాకు తెలుసు సర్" అంది వెర్నా. "అందుకే చెబుతున్నాను. ఇది మా పిక్నిక్. ఇక్కడ ఎవరూ నిలబడటానికి వీల్లేదు. కూర్చోండి, ఇద్దరూ!"

అబ్బ, ఏం గొంతది! ఆస్పత్రిలో ఆ గొంతుకి ఎదురుచెప్పే రోగి ఉండడు. ఇద్దరూ ఒక్కసారే దభీమని కూర్చున్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరు ముందో, ఎవరు వెనకో చూసుకునే వ్యవధి కూడా లేకపోయింది. జనం చప్పట్లు కొట్టారు. నా పంతం నెగ్గింది! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లోపల ఎన్ని కొబ్బరికాయలు మొక్కుకున్నానో ఆ దేవుడికే తెలుసు.

వెర్నా నా వైపు తిరిగింది. "మరి ఈవిడ?"

నేను కంగారుగా, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, "ఇట్ ఈజ్ ఆల్ రైట్" అన్నాను.

పమేలా, రేణు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేణు నవ్వలేదు.

వెర్నా ఇంకో కుర్చీ తెచ్చి మావారి కుర్చీ పక్కనే, వరసలోనే వేసి, నా భుజం పట్టి కూర్చోబెట్టింది. ఈయన పక్కన పీటల మీద కూర్చున్నాను, పెళ్ళిలో, సత్యనారాయణ వ్రతాల్లో. నలుగురి ముందు కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు. ఎవరికీ తట్టలేదు, నాకు కూడా. కూర్చున్నాక తెలిసింది, నా మోకాళ్ళూ నొప్పిగానే ఉన్నాయని.

మావారు రుమాలుతో ముఖం తుడుచుకుని, అలవాటు కొద్దీ, "రాజేశ్వరీ, కాసిని మంచినీళ్ళు" అన్నారు.

నేను అలవాటు కొద్దీ లేవబోయాను. వెర్నా చెయ్యి నా భుజం మీది నుంచి కదల్లేదు. మావారు ఆ చెయ్యి చూశారు, నన్ను చూశారు, సాయం కోసం దొర వైపు చూశారు. దొర ఆకాశంలో ఏదో పిట్టని చూస్తున్నాడు.

ఈయన మెల్లిగా లేచారు. కుంటుకుంటూ బల్ల దాకా వెళ్ళి, కూజాలోంచి షర్బతు ఒక గ్లాసులో పోసుకుని వచ్చారు. కాళ్ళు వాటంతటవే దొర ముందు ఆగాయి, రెండు చేతులూ గ్లాసు చాచాయి. దొర తల అడ్డంగా ఊపి, వేలితో నన్ను చూపించాడు. అప్పుడు ఈయన నా ముందుకొచ్చి, గ్లాసు నా చేతికిచ్చి, నేను తాగడం అయ్యేదాకా చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డారు.

చక్కెర మరీ ఎక్కువేసింది పమేలా. అయినా గుక్క తిప్పుకోకుండా తాగేశాను. ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, "కూర్చోండి" అన్నాను.

ఎండాకాలమంతా ఆయనతో అన్న మాటే. కూర్చుని అనడం అదే మొదలు. ఆయన కూర్చున్నారు.